బండి నొసటి వ్రాత

మనుష్యుని నొసట బ్రహ్మ వ్రాసిన వ్రాతను ఎవ్వరును చదువజాలరని పెద్దలందురు. కారు నొసటి వ్రాత అట్టిది కాదు. దారిని పోవు ప్రతివాడును చదువుటకే అది వ్రాయబడినది. మన బరంపురములో పెద్దబజారు మొదలు కొత్త బస్సుస్టాండు వరకు కన్నులు తెరచుకొని ఒకసారి నడచినచో, ముందు నంబరు ప్లేటు లేని కార్లును, ప్లేటుండియు వంగి నేలచూపులు చూచు కార్లును, పూలదండ చాటున దానిని దాచుకొన్న కార్లును కొన్నియైనను కనబడకపోవు. అడిగినచో యజమానులు చెప్పు సమాధానము తరచుగా ఒక్కటే: "వెనుక నున్నది కదా, అది చాలదా?"

చాలదని మేము చెప్పదలచితిమి. ఏల చాలదో, ముందు పలకను ఎట్లు అమర్చవలెనో, అందలి అక్షరములు తెలుగున గాని ఒడియాలో గాని ఏల ఉండరాదో ఈ వ్యాసమున వివరింతుము. ఇంట కారున్నవారికి ఈ విషయము తెలియదగినది; కారు లేక కాలినడకను పోవువారికి మరికొంత ఎక్కువగా తెలియదగినది.

మొదట ఆ వ్రాతను చదువుట నేర్తము. మన జిల్లా బండ్లపై సాధారణముగా కనబడు గుర్తు "ఓ.డి. 07". మొదటి రెండక్షరములు రాష్ట్రమును, తరువాతి రెండంకెలు రిజిస్ట్రేషను చేసిన రవాణా కార్యాలయమును తెలుపును. 07 అనగా గంజాము. జిల్లాలో భంజనగర్ కార్యాలయమునకు 32 అను వేరు సంఖ్య గలదు. పిమ్మట శ్రేణిని తెలుపు ఒకటి రెండక్షరములు, చివర నాలుగంకెల వరకు బండి సొంత సంఖ్య వచ్చును. శ్రేణి అక్షరములలో ఇంగ్లీషు ఐ, ఓ అనునవి వాడరు. అవి 1, 0 అంకెలతో కలిసిపోవునను భయము. అయినను మన రాష్ట్రపు గుర్తే ఓ అక్షరముతో ఆరంభమై దాని వెనువెంట సున్న వచ్చుచున్నది! గణితము ఇష్టపడు విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. మిగిలిన 24 అక్షరములలో ఒక్కొక్కదానికి 9,999 సంఖ్యల చొప్పున 2,39,976 బండ్లకు గుర్తులు సరిపోవును. అవి తీరిన పిదప రెండక్షరముల శ్రేణి మొదలగును.

ఈ గుర్తు శాశ్వతమని అనుకొనరాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు బరంపురము మద్రాసు రాజధానిలోనిది. ఆనాటితో ఊరు కదలకయే పాలన మారినది. స్వాతంత్ర్యానంతరము కొంతకాలము 1939 నాటి మోటారు వాహనముల చట్టమే నడచినది. దానికి బదులుగా వచ్చిన 1988 చట్టమును, 1989 నాటి కేంద్ర నిబంధనలును ఇప్పటి పద్ధతికి ఆధారములు. రాష్ట్రము పేరు 2011లో మారగా, 2012లో ఓ.ఆర్. అనునది ఓ.డి. అయినది. మన పొరుగున ఇచ్ఛాపురపు బండ్లు చిరకాలము శ్రీకాకుళము జిల్లా గుర్తగు ఏ.పి. 30 ధరించినవి, 2019లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికిని 39 అను ఉమ్మడి సంఖ్య వచ్చినది. తెలంగాణ 2014లో టి.ఎస్. అని మొదలిడి 2024లో టి.జి. అని మార్చుకొన్నది. కనుక పెండ్లికి వచ్చిన అన్నగారి బండిపై ఏ.పి. అనియు, తమ్ముని బండిపై ఓ.డి. అనియు ఉన్నంత మాత్రమున ఒకరు తెలుగువారు, మరియొకరు కారని ఎవరైన తలచినచో పొరపాటు. ఆ పలక బండి ఏ కార్యాలయములో నమోదైనదో చెప్పునుగాని, లోపల కూర్చున్నవారు ఏ భాషలో మాటలాడుకొనుచున్నారో చెప్పదు.

ఇక భాష మాట. కొందరు యువకులు అభిమానముకొలది నంబరును ఒడియాలోనో తెలుగులోనో వ్రాయించుకొనుచున్నారు. భాషాభిమానము గొప్పదే. మన పాఠశాల నిలిచియున్నదే దాని బలమున. కాని నంబరు ప్లేటు దానికి తగిన చోటు కాదు. అక్షరములు ఇంగ్లీషు లిపిలోను, సంఖ్యలు 1, 2, 3 అను అంకెలతోను ఉండవలెనని నిబంధన శాసించుచున్నది. దీనికి కారణము మన జిల్లావారికి తెలిసినంత స్పష్టముగా మరెవ్వరికిని తెలియదు. ఒడియాలో నాలుగు అంకెను వ్రాసి చూడుడు. ఒడియా ఎరుగని వానికి అది 8 వలె కనబడును. బరంపురములో 4 అని వ్రాసిన బండిని విశాఖపట్టణపు పోలీసు 8 అని చదివినచో ఎవరి బండికి ఎవరు జరిమానా కట్టవలెను? వేరొకచో మన తెలుగంకెలకును ఇదే గతి పట్టును. పరాయివి అనుకొను 1, 2, 3 అంకెలును మనకు పరాయివి కావు. మన రాజ్యాంగము 343వ అధికరణమున వానిని అంతర్జాతీయ రూపము పొందిన భారతీయాంకెలనియే పేర్కొన్నది.

ఇందు అల్పసంఖ్యాక భాషవారికి మేలే గలదని మా అభిప్రాయము. ఒడియా తడబడుచు మాటలాడు తెలుగు పిల్లవాడు పోలీసు ఠాణాకు పోయి తాను చూచినది వివరింప జంకవచ్చును. కాని అతడు చూచిన నంబరును కాగితముపై వ్రాసి చూపినచో దానికి అనువాదకుడు అక్కరలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదము: ముందు పలక ఏల? బండి మన యెదుటికి వచ్చునప్పుడు కనబడునది దాని ముఖమే. దగ్గరకు వచ్చుకొలది ముందు పలకపై అక్షరములు పెద్దవగును. బండి దాటిపోయిన పిదప కనబడు వెనుక పలక క్షణక్షణమును చిన్నదగును. దానిపై దుమ్ము లేచును, తెరచిన డిక్కీ అడ్డు వచ్చును. కూడలిలోని కెమెరాకును నంబరుతోపాటు డ్రైవరు ముఖము, అతడు పెట్టుకొన్న, లేదా పెట్టుకొనని, బెల్టు కనబడవలెనన్న ముందు వైపే అనుకూలము. అందుచేతనే 50వ నిబంధన ముందు వెనుకలు రెంటను నంబరు ఉండవలెననుచున్నది. బస్సు, లారీ, టాక్సీ వంటి రవాణా వాహనములకు కుడియెడమల పక్కలను గూడ వ్రాయవలెను.

అన్ని దేశములలోను ఈ నియమము లేదు. అమెరికాలో ఇది ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క తీరు. న్యూజెర్సీలో రెండు పలకలును ఉండవలెను. డెలవేరు నది దాటి పెన్సిల్వేనియాలో అడుగిడినచో వెనుకది ఒక్కటి చాలును. టెక్సాసులో రెండు కావలెను, జార్జియాలో ఒకటి చాలును. ఆ రాష్ట్రములన్నిట మన తెలుగువారు నివసించుచున్నారు. ఒకచోటి నుండి మరియొక చోటికి ఉద్యోగము మారినవారు కొత్త కారు బంపరుకు రంధ్రములు చేయవలసి వచ్చెనే యని నొచ్చుకొనుట గలదు. ఇచ్ఛాపురము దాటి గిరిసోలకు వచ్చు మనకు ఆ బాధ లేదు. ఇటును అటును నియమము ఒక్కటే.

మన దేశమునందును ఒక మినహాయింపు ఆచారముగా ఉండెడిది. రాష్ట్రపతి ప్రయాణము చేయు వాహనముపై నంబరుకు బదులు రాజచిహ్నమే ఉండెడిది. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1969 నుండి 1974 వరకు ఆ పదవి నలంకరించిన సంగతి మన విద్యార్థు లెరుగుదురు. 2018లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము అట్టి ఉన్నత పదవులలోనివారి వాహనములకును నంబరు కనబరుపవలెనని ఆదేశించినది. ఇక మనవంటివారి మాట చెప్పనేల?

కాలినడకను పోవువారికి ఇది మరింత ముఖ్యమని పైన అంటిమి. దాని కారణ మిది. ఒక బండి మనుష్యుని గ్రుద్ది నిలువక పారిపోయినదనుకొందము. నంబరు తెలిసినచో బండికి గల బీమా కంపెనీపై మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో దావా వేయవచ్చును. మృతుని వయస్సు, సంపాదన, అతనిపై ఆధారపడిన వారి సంఖ్య చూచి న్యాయమూర్తి పరిహారము నిర్ణయించును. బండి ఏదో తెలియనిచో చట్టము చూపు దారి ఇరుకైనది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న పథకము ప్రకారము మరణమునకు రెండు లక్షల రూపాయలు, తీవ్రమైన గాయమునకు ఏబదివేల రూపాయలు మాత్రమే ఇత్తురు. అంతకు పూర్వము ఇవి 25,000, 12,500 మాత్రమే. సంపాదించు తండ్రిని కోల్పోయిన ఇంటికి ఈ రెండు దారుల నడుమ గల అంతరము పిల్లల చదువంత పెద్దది. ఆ అంతరమును నిర్ణయించునది ఒక్కొక్కప్పుడు దారిన పోవు ఎవ్వరో ఒకరు చదివిన నాలుగంకెలు.

ఆ చదువుటకు ఎంత వ్యవధి యుండును? కారు పలకపై అక్షరముల ఎత్తు 65 మిల్లీమీటర్లు ఉండవలెనని 51వ నిబంధన చెప్పుచున్నది. బ్రిటనులో డ్రైవింగు పరీక్షకు వచ్చువాడు 79 మిల్లీమీటర్ల అక్షరములను 20 మీటర్ల నుండి చదువగలుగవలెను. మనమును 20 మీటర్లే లెక్కకు తీసికొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆ దూరమును 1.2 సెకండులలో దాటును. ఇంత తక్కువ వ్యవధిలో పూర్తి గుర్తును చదువ బూనుకొనరాదు. ముందుగా చివరి నాలుగంకెలు, పిదప పలక రంగు, ఆ పిదప బండి రంగు, రకము చూచుకొన్నచో మిగిలినది పోలీసులు వెదకికొందురు. పలక రంగు అనగా: సొంత బండికి తెలుపుపై నలుపు, కిరాయి బండికి పసుపుపై నలుపు, విద్యుత్తుతో నడచు సొంత బండికి ఆకుపచ్చపై తెలుపు, విద్యుత్తు కిరాయి బండికి ఆకుపచ్చపై పసుపు. ఉపాధ్యాయులు ఆటస్థలములో 65 మిల్లీమీటర్ల అంకెలు వ్రాసిన అట్టను నిలిపి, ఏ విద్యార్థి ఎంత దూరము నుండి చదువగలుగునో కొలువ వచ్చును. కంటి అద్దములు కావలసిన పిల్లలు ఎవరో ఆ ఆటలోనే తెలిసిపోవును.

ఇప్పటి పలక వెనుకటివలె పెయింటరు వ్రాసి యిచ్చు రేకు కాదు. హై సెక్యూరిటీ పలకలకు 2001లో నిబంధన చేసిరి. 2019 ఏప్రిల్ 1 నుండి వచ్చు కొత్త బండ్లన్నిటికిని కంపెనీయే వానిని సమకూర్చవలెను. పాత బండ్లకును వీనిని పెట్టించుకొమ్మని ఒడిశా రవాణాశాఖ ఆదేశించినది. రేకు ఒక మిల్లీమీటరు మందపు అల్యూమినియము. మూలలు గుండ్రముగా ఉండును, తగిలినవారికి గీరుకొనకుండుటకు. ఎడమవైపు నీలిరంగున దేశపు పేరును సూచించు మూడక్షరములు, అశోకచక్రము గల 20 మిల్లీమీటర్ల మెరుపు ముద్ర, లేసరుతో చెక్కిన వరుస సంఖ్య ఉండును. కారు ముందు సాధారణముగా 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు గల పలక పెట్టుదురు. పైపొర తనపై బడిన వెలుతురును నలుదిక్కులకు చెదరగొట్టక, వచ్చిన త్రోవనే త్రిప్పి పంపును. రాత్రివేళ ఎదుటి బండి దీపము పడగానే నంబరు మెరయుట ఇందువలననే. దానిపై రంగు గాజురేకు అతికించినను, వార్నిషు పూసినను ఆ గుణము నశించును.

ఈ పలకను బిగించుట అధీకృతుడైన డీలరు పని. వెనుక పలకకు, ఒకసారి బిగిసినచో విరుగగొట్టక ఊడదీయరాని తాళపు మేకు వాడవలెనని నియమము; ముందును అట్టివే వాడుట వాడుక. కావున యజమాని స్వయముగా చేయవలసినది కొద్ది. కాని దగ్గర నిలిచి చూచుటకు ఎవ్వరును అడ్డు చెప్పరు, చూడవలెను కూడ. ఒకసారి వంకరగా బిగించిన పలకను సరిచేయవలెనన్న కొత్త పలకకే సొమ్ము చెల్లింపవలసి వచ్చును.

చూడవలసినది ఏమి? కంపెనీవారు బంపరు నడుమ పలకకై చదునైన చోటును, తరచుగా చిన్న గుంటలతో గుర్తులను విడిచియుందురు. అవి యుండగా వేరుచోట రంధ్రములు చేయనీయరాదు. గుర్తులు లేనిచో బంపరు రెండు అంచుల నుండి టేపుతో కొలిచి నడిమి గీత గీయించవలెను. కంటి అంచనాకు విడువరాదు. బంపరు వంపుగా నుండుటచే కన్ను మోసపోవును. తాపీమేస్త్రీలు వాడు రసమట్టమును పలకపై అంచున ఆనించినచో ఒరిగినదీ లేనిదీ తెలియును, బండి చదును నేలపై నున్న పక్షమున. పలక నిట్టనిలువుగా ఎదుటికి చూడవలెను. ఆకాశము వైపు తిరిగినను, నేల వైపు వంగినను దూరము నుండి చదువ రాదు. రేడియేటరుకు గాలి పోవు జాలిని మూయరాదు. పొగమంచు దీపములకు, ముందు సెన్సార్లకు అడ్డు రారాదు. రంధ్రము స్క్రూ లావుకన్న కొంచెము సన్నముగా ఉండవలెను. ప్లాస్టిక్కు బంపరులో వెడల్పైన రంధ్రమున మర పట్టదు. పలకకును బంపరుకును నడుమ ప్లాస్టిక్కు చట్రమో రబ్బరు వాషరో లేనిచో, కంకరబాటపై పోవునప్పుడు రేకు గడగడలాడి మేకు చుట్టును క్రమముగా చీలిపోవును.

సముద్రతీరవాసులకు ఇంకొక జాగ్రత్త కావలెను. గోపాలపురము గాలిలో ఉప్పు గలదు. ఉప్పునీటి తడిలో రెండు వేరు లోహములు తాకియున్నచో ఏమగునో మన విజ్ఞాన పాఠములో చదివినదే: అది ఒక చిన్న విద్యుద్ఘటము. అల్యూమినియము పలకకు మామూలు ఇనుప స్క్రూ బిగించినచో, ఒకవైపు ఇనుము త్రుప్పుపట్టి పలకపై ఎఱ్ఱని చారలు దిగును. వేరొకవైపు స్క్రూ చుట్టును అల్యూమినియము తెల్లని పొడియై రాలి రంధ్రము పెద్దదగును. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ, లోహములు తాకకుండ నైలాను వాషరు వాడినచో ఈ చేటు చాలవరకు తప్పును. వీని వెల కొన్ని రూపాయలే. నెలకొకసారి మంచినీటితో పలకను కడిగి మెత్తని గుడ్డతో తుడుచుట మరచిపోరాదు.

బిగించిన పిదప దాచుట మన అలవాటు! కొత్త బండిని తారాతారిణి కొండకో మరియొక గుడికో తీసికొనిపోయి పూజ చేయించుట సంతోషకరమే. దసరానాటి ఆయుధపూజయు అట్టిదే. కాని పసుపు, కుంకుమ, గంధము నంబరుపైననే పూయవలెనని ఏ పురోహితుడును చెప్పినట్లు మేము వినలేదు. బానెట్టుపై ఎంతో చోటు గలదు. దండ కట్టినచో ఊరు చేరిన పిదప విప్పవలెను. ఎండిన పూలు నంబరుపై వ్రేలాడుట అందమును కాదు. నిమ్మకాయ, మిరపకాయల తోరణము పలకకు ప్రక్కన కట్టినను దిష్టి తగులదని మా నమ్మకము. ముందు కట్టు బలమైన ఇనుప చట్రముల సంగతి వేరు. వానిని తొలగింపుడని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. అవి నంబరును మూయుటయే గాక, తగిలిన పాదచారిని మరింత గాయపరచును.

వానకాలమునందు ముందు పలకకే ఆపద ఎక్కువ. నిలువ నీటిలో బండి పోవునప్పుడు బంపరు నీటిని నెట్టును. ఆ నీటి ఒత్తిడి మొదట తగులునది పలకకు. పై అంచున రెండు మేకులతో మాత్రమే వ్రేలాడు పలక వెనుకకు వంగి ఊడి మునిగిపోవును, డ్రైవరుకు చప్పుడైనను వినబడదు. 2024 ఏప్రిల్‌లో అరబ్బు ఎమిరేట్లలో కుంభవృష్టి కురిసి రోడ్లు మునిగినప్పుడు ఇట్లు ఊడిన పలకలు కుప్పలుగా దొరకగా, జనులు వానిని ఏరి, యజమానులు గుర్తించుటకై దారి ప్రక్క పేర్చిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గర తీరము దాటిన నాటి వరదను చూచిన మనకు ఇది వింతగా తోపదు. నీటిలో నడిపిన ప్రతిసారియు దిగి ముందు భాగము చూచుకొనుట మంచిది.

ఊడిన పలక దొరకనిచో పెయింటరుతో ఒక రేకు వ్రాయించి తగిలించుట పరిష్కారము కాదు. ఆ పోయిన పలకను వేరొకడు తన బండికి తగిలించుకొని తప్పు చేసినచో నోటీసు మన ఇంటికి వచ్చును. టోలుగేట్ల కెమెరాలు నంబరు చదివి పత్రముల గడువు సరిచూచు పద్ధతి ఒడిశాలో 2025లో మొదలైనది గనుక ఈ చిక్కు ఇప్పుడు మరింత పెరిగినది. వెంటనే పోలీసు ఠాణాలో వ్రాతపూర్వకముగా తెలిపి, రసీదు తీసికొని, దానితో డీలరువద్ద కొత్త పలకకు దరఖాస్తు చేయవలెను. విరిగినదైనను పలక ముక్క చేత నున్నచో దానిని అప్పగింపవలెను.

సరిహద్దు కుటుంబములకు కడపటి సంగతి యొకటి. శ్రీకాకుళములోనో విశాఖలోనో పాత కారు కొని బరంపురము తెచ్చుకొనువారు మనలో ననేకులు గలరు. చుట్టపుచూపుగా వచ్చిపోవు బండికి ఏ.పి. గుర్తుతోనే తిరుగవచ్చును. పండ్రెండు నెలలు మించి ఇచ్చట ఉంచుకొన్నచో 1988 చట్టము 47వ సెక్షను ప్రకారము ఇచ్చటి గుర్తు తీసికొనవలెను. దానికి ముందు అచ్చటి కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తేవలెను; బ్యాంకు అప్పు తీరకున్న బ్యాంకువారి అంగీకారమును కావలెను. తరచు బదిలీలయ్యెడు ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకెక్కువ రాష్ట్రములలో కార్యాలయములు గల కంపెనీల ఉద్యోగులకు 2021లో బి.హెచ్. అను భారత శ్రేణి ఏర్పడినది. అది గలవారికి రాష్ట్రము మారినపుడెల్ల పలక మార్చు పని లేదు. మిగిలినవారు ఆ పండ్రెండవ నెల ఎప్పుడు నిండునో కారు తెచ్చిననాడే క్యాలెండరుపై గుర్తుపెట్టుకొని, పత్రము కొరకు రెండు నెలలు ముందుగనే వ్రాయుట మేలు.